దొరగారి ఆచూకీ

మా పిల్లి ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పిపోలేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే దాని జాడ తెలుసుకోవడానికి నేను పడ్డ పాట్లూ తగలేసిన డబ్బూ విని, పాపం ఎంత బెంగ పెట్టుకున్నాడో అని మీరు జాలిపడే ప్రమాదం ఉంది. పొద్దున్న పాలవేళకి అది ఇంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఉంటుంది. రాత్రి మా ఆవిడ వంటింట్లో దీపం ఆర్పే వేళకి కిటికీ ఊచల్లోంచి దూరి వచ్చేస్తుంది. ఈ మూడు వేళల నడుమ ఎటు పోతుందన్నదే నా బాధ.

"పిల్లి తప్పిపోవడం లేదండీ. మీకు కనబడటం లేదు, అంతే" అంది మా ఆవిడ.

ఆ రెండిటికీ ఉన్న తేడా నా బుర్రకి ఎక్కకపోవడానికి కారణం నేను చేసిన ఉద్యోగం. ఆడిట్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఎవరు ఎక్కడికి వెళ్ళారు, అసలు వెళ్ళారా, బస్సులో వెళ్ళి టాక్సీ అని రాశారా, మధ్యాహ్నానికే తిరిగొచ్చి పూర్తిరోజు డి.ఏ. తీసుకున్నారా అని టి.ఏ. బిల్లులు తిరగేయడమే సర్వీసంతా నా పని. టూరు డైరీ లేని ప్రయాణాన్ని నేను ప్రయాణమని ఒప్పుకోను. అలాంటివాడి ఇంట్లో, కాకినాడ రామారావుపేట నడిబొడ్డున, ఒక శాల్తీ రోజూ గంటల తరబడి హెడ్‌క్వార్టర్స్ వదిలి, ముందస్తు అనుమతి లేకుండా బయట తిరిగొచ్చి, ఏ సంజాయిషీ ఇవ్వకుండా పాలు తాగుతుంటే చూస్తూ ఎలా ఊరుకోను?

శాల్తీ పేరు దొర. తెల్లని ఒళ్ళు, వీపు మీద ఇటికరంగు మచ్చ. ఒక ముసురు రోజున మా మెట్ల కింద చేరింది. మా ఆవిడ కాసిని పాలు పోసింది. "వాన తగ్గాక పంపించేద్దాం" అన్నాను నేను. ఆ ఫైలు ఇంకా పెండింగులోనే ఉంది. పిలిస్తే రాదు. వచ్చినప్పుడు పిలవక్కర్లేదు. మనం కూర్చోబోయే కుర్చీ ఏదైతే అది దానిదే. అందుకే దొర. నా సంతకానికి విలువ పోయిన ఇంట్లో కనీసం పిల్లి ఒక్కటైనా నా అజమాయిషీలో ఉంటుందని ఆశపడ్డాను. ఆశ పెన్షనర్లకి నిషేధం కాదు కదా.

మా తాతగారికి ఈ సమస్య లేదు. కోనసీమలో ఆయనకి పాడీ పంటా ఉండేవి. మేతకి పోయే ఆవు మెడలో గంట కట్టేవారు. ఏ తోటలో మేస్తోందో పాలేరు అరుగు మీద కూర్చునే చెప్పేసేవాడు. కంచె దూకే దుడుకు గొడ్డు మెడకి గుదిబండ వేలాడదీసేవారు. పరిగెత్తబోతే అది ముంగాళ్ళకి తగిలేది. దేవుడి పేరున వదిలేసిన ఆంబోతుకి అచ్చు వేసేవారు. దాంతో అది ఎవరి చేలో పడ్డా ఎవరూ చెయ్యెత్తేవారు కాదు. ఇన్నిటినీ తప్పించుకున్న పశువు బందెలదొడ్డిలో తేలేది. జరిమానా కట్టి విడిపించుకుంటే రశీదు ఇచ్చేవారట. రశీదు ఇచ్చే ఏ వ్యవస్థ మీదైనా నాకు గౌరవమే.

పిల్లికి మాత్రం మన పెద్దలు ఏ ఏర్పాటూ చేసి పోలేదు. దాని మెడలో గంట ఎవరు కట్టాలన్న దగ్గర ఆగిపోయి, సమావేశం వాయిదా వేసేశారు.

మొదట పశువుల ఆసుపత్రికి బయల్దేరాను. పెంపుడు జంతువుల ఒంట్లో చిప్ పెడతారని విన్నాను. చిప్ అనగానే ఫోన్లో మ్యాపు, మ్యాపులో ఎర్రచుక్క, చుక్క కదులుతుంటే దొర నడుస్తున్నట్టు, అంతా ముందే ఊహించేసుకున్నాను. దొరని ప్లాస్టిక్ కూరల బుట్టలో కూర్చోబెట్టి, పైన ఇంకో బుట్ట బోర్లించి, పురికొస చుట్టి ఆటో ఎక్కాను. అది చేసిన రాగాలాపనకి ఆటో అతను భానుగుడి జంక్షన్ దగ్గర బండి ఆపి, "మాస్టారూ, లోపలున్నది పిల్లేనాండీ?" అని అడిగాడు.

డాక్టరమ్మగారిది చిన్న వయసే అయినా ఓపిక పెద్దది. చిప్ తీసి చూపించారు. బియ్యపు గింజంత గాజు గొట్టం, పొడవు 12 మిల్లీమీటర్లు. లావుపాటి సూదితో మెడ వెనక, రెండు భుజాల మధ్య, తోలు కిందకి ఎక్కిస్తారు.

"బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుందండీ?" అన్నాను.

"బ్యాటరీ ఉండదండీ."

"అయితే చార్జింగు ఎలాగ?"

"చార్జింగూ ఉండదండీ."

వివరంగా చెప్పారు. రీడరు అనే చేతి యంత్రాన్ని దాని దగ్గరకి తెస్తే, అందులోంచి 134.2 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాలు వస్తాయి. ఆ తరంగాల శక్తితోనే చిప్ ఒక్క క్షణం మేలుకుని, తన 15 అంకెల నంబరు చెప్పి మళ్ళీ పడుకుంటుంది. యంత్రం జానెడు దూరంలోపు ఉండాలి. అంతకు మించి దూరమైతే పలకదు.

"ఇప్పుడిది పిఠాపురం వెళ్ళిపోయిందనుకోండి. నా ఫోన్లో..."

"మీ ఫోన్లో ఏమీ రాదండీ. పిఠాపురంలో ఎవరో పుణ్యాత్ములు దీన్ని పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అక్కడ రీడరు ఉండాలి. నంబరు చదివాక, ఆ నంబరుకి ఎదురుగా మీ పేరూ ఫోనూ నమోదయి ఉండాలి. అప్పుడు మీకు కబురు వస్తుంది."

నా మొహం చూసి ఇంకో మాట కూడా అన్నారు. "ఇది ఆధార్ లాంటిదండీ. మీకు ఆధార్ ఉంది కదా, దాన్ని బట్టి మీరిప్పుడు ఎక్కడున్నారో మీ ఇంట్లోవాళ్ళకి తెలుస్తుందాండీ?"

తెలియకపోవడమే ఆధార్‌లో నాకు నచ్చిన అంశం కాబట్టి మారు మాట్లాడలేకపోయాను. బయట షెడ్డులో కట్టేసిన గేదెల చెవులకి పసుపుపచ్చ బిళ్ళలున్నాయి. ఒక్కోదాని మీద 12 అంకెలు. గేదెకి 12, నాకు 12, దొరకి 15. మా ఇంట్లో ఇప్పటికే అమల్లో ఉన్న హోదాల క్రమానికి ఇది సరిగ్గా సరిపోయింది. చిప్ వేయించాను. సూది దిగినప్పుడు దొర కిక్కురుమనలేదు. చూస్తున్న నేనే కూర్చోవడానికి స్టూలు వెతుక్కున్నాను.

ఇక జీపీఎస్ పట్టీ. దీని గురించి నేను చేసినంత పరిశోధన ఉద్యోగంలో చేసి ఉంటే ఇంకో ప్రమోషన్ వచ్చేది. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున ఆ ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. అవి దొరని చూస్తాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చూడవట. వాటి పాటికి అవి సమయం చెబుతూ పోతాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు ఎంతెంత ఆలస్యంగా అందాయో లెక్కకట్టి, పట్టీలో ఉన్న పెట్టె తానెక్కడుందో తనే తేల్చుకుంటుంది. తేల్చుకున్న సంగతి నాకు తెలియజేయడానికి దాని పొట్టలో సిమ్ కార్డు ఉండాలి. సిమ్ అన్నాక రీచార్జి.

"పిల్లికి సిమ్మా? కేవైసీకి వేలిముద్ర వేయిస్తారా, పంజా వేయిస్తారా?" అంది మా ఆవిడ.

నేను పట్టించుకోలేదు. అప్పటికే నా మనసు కోరింగ అడవుల్లో ఉంది. కాకినాడకి కూతవేటు దూరంలోని ఆ మడ అడవుల్లో చేపలు పట్టి తినే నీటిపిల్లులున్నాయి. వాటి మెడకి పట్టీలు కట్టి తిరుగుళ్ళు తెలుసుకోవాలని వన్యప్రాణి శాస్త్రవేత్తలు పూనుకున్న సంగతి పేపర్లో చదివాను. వాళ్ళు అడవిలో చేస్తున్నది నేను రామారావుపేటలో చేస్తున్నాను, అంతే తేడా. జంతువు బరువులో నూటికి 5 వంతులు మించి పట్టీ బరువు ఉండకూడదని వాళ్ళు పాటించే లెక్క. కాబట్టి దొర బరువు తేల్చాలి. నేను ఒంటరిగా బరువు యంత్రం ఎక్కి, దిగి, దొరని ఎత్తుకుని మళ్ళీ ఎక్కి, తీసివేత చేశాను. దొర 4 కిలోలు. పనిలో పనిగా నేనెంతో కూడా మా ఆవిడకి తెలిసిపోయింది. ఆ అంకె ఇక్కడ అప్రస్తుతం.

లెక్క ప్రకారం దొర 200 గ్రాములు మోయవచ్చు. నేను కొన్న పెట్టె పాతిక ముప్పై గ్రాములే. డాక్టరమ్మగారు మాత్రం, "లెక్కకేం గానీ, ఊచల్లోంచి దూరే పిల్లికి గొంతు కింద అగ్గిపెట్టె వేలాడితే ఎలా ఉంటుందో చూసుకోండి. బకిల్ మాత్రం లాగితే ఊడిపోయేదే కొనండి. కొమ్మకి తగులుకుంటే పట్టీ పోవాలి గానీ పిల్లి పోకూడదు" అన్నారు. ఆ మాట రాసిపెట్టుకున్నాను. పాటించాను కూడా. దాని ఫలితం కాసేపట్లో వస్తుంది.

దొరకి కట్టేముందు పరికరాన్ని పరీక్షించాలి. నా జేబులో వేసుకుని పొద్దున్న వాకింగుకి బయల్దేరాను. యాప్ మాత్రం మా ఆవిడ ఫోన్లో వేశాం. నా ఫోన్లో ఖాళీ లేదు. అది గుడ్ మార్నింగ్ బొమ్మలతో నిండిపోయి చాలాకాలమైంది. ఆ చిన్న ఏర్పాటు ఎంత దూరం పోతుందో అప్పుడు ఆలోచించలేదు.

వాకింగు దారిలో గుడి ఉంది. గుడికి ఎదురుగా, సన్నటి రోడ్డుకి అవతల, కాజాల కొట్టు ఉంది. కాకినాడలో గొట్టం కాజా గురించి నేను చెప్పనక్కర్లేదు. కొరికితే పాకం చొక్కా మీదకి కారాలి, అదీ దాని లక్షణం. నాకు షుగరు. ఆ రోజు నేను వెళ్ళింది గుడికే. ఏదో పర్వదినం, తీర్థానికి పెద్ద వరస. మండపం కింద చాలాసేపు నిలబడ్డాను. ఇంటికొచ్చేసరికి టేబులు మీద షుగరు చూసే మిషను, కొత్త సూది, దూది, వరసగా అమర్చి ఉన్నాయి. ఆవిడ ఏమీ అనలేదు. ఫోను నా వైపు తిప్పింది. ఎర్రచుక్క కాజాల కొట్టులో, సరిగ్గా కడాయి ఉండే చోట, అంతసేపూ నిలబడి ఉంది.

నేను శాస్త్రాన్ని ఆశ్రయించాను. పైన స్లాబు ఉంటే సంకేతాలు సరిగా అందవనీ, ఎదురు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చిన సంకేతాలు లెక్క తప్పిస్తాయనీ, ఆరుబయటే అయిదు మీటర్ల తేడా మామూలనీ చెప్పాను. 2000 సంవత్సరం మే దాకా అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే జీపీఎస్‌లో కావాలనే తప్పు కలిపేదనీ, అప్పట్లో తేడా 100 మీటర్ల దాకా ఉండేదనీ చరిత్ర కూడా చెప్పాను.

"అమెరికావాళ్ళకి మీరు కాజాలు తినకపోతే ఏం ఒరుగుతుందండీ? వేలు చాపండి" అంది.

చాపాను. అంకె ఎక్కువే వచ్చింది. అది ముందురోజు సాయంత్రం తిన్న కాజా తాలూకుది. అప్పుడు ఆ పెట్టె ఇంట్లో చార్జింగులో ఉంది. ఆడిట్ భాషలో చెప్పాలంటే పేరా తప్పు, రికవరీ కరెక్టు. అప్పీలుకి కూడా అవకాశం లేదు.

ఆ తర్వాత పెట్టె దొర మెడకి మారింది. మొదటి రోజు చుక్క మామిడిచెట్టు మీదా, రేకుల షెడ్డు కిందా, ఒకసారి మునిసిపల్ కాలువ నడిమధ్యలోనూ తేలింది. నేను వరండాలో కాగితం, స్కేలు పెట్టుకుని దొర మార్గాన్ని గీశాను. సర్వీసులో అంత అందమైన స్టేట్‌మెంటు తయారు చెయ్యలేదు. మర్నాడు చుక్క పక్కింటి సన్‌షేడు మీద స్థిరపడింది. గంట గడిచినా కదల్లేదు. "దొర అక్కడ పడుకుని నిద్రపోతోంది. ఇదీ దాని మధ్యాహ్నం మకాం" అని మా ఆవిడకి ప్రకటించాను. ఆవిడ నా ఒడిలోకి చూసింది. దొర నా ఒళ్ళోనే నిద్రపోతోంది. ఊడిపోవాల్సిన బకిల్ ఊడిపోవాల్సిన విధంగా ఊడిపోయింది. డాక్టరమ్మగారి సలహాలో దోషమేమీ లేదు.

నిచ్చెన వేయించి పెట్టెని దింపించాను. మళ్ళీ కట్టబోతే దొర నా ముంజేతి మీద తన అభ్యంతరాన్ని గీతల్లో నమోదు చేసింది. సమాధానం సంతృప్తికరంగా ఉండటంతో పేరా అక్కడితో డ్రాప్ చేశాను.

మూడోది డల్లాస్ నించి వచ్చింది. మా అమ్మాయి అక్కడ ఉంటుంది. సెలవులకి వచ్చినప్పుడు సూట్‌కేసుకి కట్టుకొచ్చిన ఎయిర్‌ట్యాగ్ బిళ్ళని, నా పోరు పడలేక, దొరకి వదిలి వెళ్ళింది. "ఇది వస్తువులకి నాన్నా, జంతువులకి కాదని కంపెనీయే చెబుతోంది. తర్వాత నన్ను అనకు" అని మరీ ఇచ్చింది. కాబట్టి ఇక్కడ జరిగినదానికి బాధ్యుణ్ణి నేనే. 11 గ్రాముల బిళ్ళ, గుండీ బ్యాటరీ, ఏడాది దాకా మార్చక్కర్లేదు, రీచార్జి లేదు. 2021లో వచ్చినప్పుడు మనదేశంలో ధర 3,190 రూపాయలు. నాకు ఉచితం. ఉచితమైన దాన్ని ఆడిట్ చెయ్యడం మా శాఖలో ఆనవాయితీ కాదు.

ఇందులో జీపీఎస్ లేదు. బిళ్ళ బ్లూటూత్‌లో సన్నగా ఓ కేక వేస్తూ ఉంటుంది. అటుగా ఏదైనా ఐఫోను వెళితే, ఆ ఫోను యజమానికి తెలియకుండానే ఆ కేకని అందుకుని, అది ఎక్కడ వినబడిందో బిళ్ళ సొంతదారుకి చేరవేస్తుంది. అంటే దొర ఎక్కడుందో తెలియాలంటే దొర పక్కన ఎవరో ఒక ఐఫోను ఆసామి ఉండాలి. మా వీధిలో అలాంటివాళ్ళు పక్కింటి రిటైర్డు తాసీల్దారుగారి అబ్బాయి, మూలింటి పళ్ళ డాక్టరుగారు, వాయిదాల మీద కొనుక్కున్న ఓ జిమ్ కుర్రాడు. ఈ ముగ్గురి చుట్టుపక్కల ఉన్నంతసేపే దొర లోకానికి ఉన్నట్టు. ఇస్త్రీబండి కిందకో, టైలరు కొట్టు మెట్ల మీదకో పోతే లేనట్టు. 2024లో గూగుల్ కూడా ఆండ్రాయిడ్ ఫోన్లతో ఇలాంటి ఏర్పాటే మొదలుపెట్టింది. ఇస్త్రీబండి మీద ఆశ పెట్టుకోదగ్గవాళ్ళు ఆ బిళ్ళలు చూసుకోవచ్చు.

పైగా బిళ్ళని నడపాలంటే ఐఫోను కావాలి. నాది కాదు. కాబట్టి దొర మా అమ్మాయి ఫోన్లో నమోదయింది. మా పగలు వాళ్ళకి రాత్రి.

"అమ్మా, దొర ఎక్కడుందో కాస్త చూసి చెప్తావా?"

"నాన్నా, ఇక్కడ రాత్రి రెండయింది."

"సరే, లేచావు కాబట్టి..."

కాసేపు నిశ్శబ్దం. "పది నిమిషాల కిందట తాసీల్దారు అంకుల్ వాళ్ళింట్లో. ఇంక పడుకోనా?" మా ఇంటికీ ఆయనింటికీ మధ్య పిట్టగోడ ఒక్కటే అడ్డం.

అసలు కథ మర్నాడు తెల్లవారుజామున మొదలైంది. ఎక్కడో కిచకిచమని చప్పుడు. అటకమీద పిట్ట గూడు పెట్టిందనుకున్నాం. చప్పుడు నడుచుకుంటూ వచ్చి పాలగిన్నె దగ్గర ఆగింది. సంగతేమిటంటే, బిళ్ళ సొంతదారు ఫోనుకి 8 నించి 24 గంటలు దూరమైతే, ఆ తర్వాత కదిపినప్పుడు దానంతట అదే కూత పెడుతుంది. ఎవరి బ్యాగులోనో రహస్యంగా బిళ్ళ పడేసి వెంటాడేవాళ్ళని పట్టించడానికి పెట్టిన మంచి ఏర్పాటు అది. మా బిళ్ళ సొంతదారు డల్లాస్‌లో ఉంది. కాబట్టి బిళ్ళ లెక్క ప్రకారం దొర శాశ్వతంగా దొంగసొత్తు. రోజూ ఏదో ఒక వేళ, చాలావరకు బియ్యం డబ్బా వెనక ఎలుక కోసం మాటువేసినప్పుడు, దాని గొంతు కింద కూత లేస్తుంది. ఎలుక తాపీగా వెళ్ళిపోతుంది. తరతరాలుగా ఎలుకలు సభ పెట్టి తేల్చుకోలేకపోయిన పనిని, 3,190 రూపాయల సరుకుతో, పెన్షనర్ని, నేను చేసిపెట్టాను. బజార్లో మువ్వ పది రూపాయలు.

ఈ బిళ్ళ పరాకాష్ఠ తాసీల్దారుగారి అబ్బాయి కారులో జరిగింది. ఎవరినో ఎక్కించుకు రావడానికి ఆ అబ్బాయి సామర్లకోట స్టేషన్‌కి బయల్దేరాడు. సర్పవరం జంక్షన్ దాటాక అతని ఫోన్లో ఒక హెచ్చరిక వచ్చింది. ఎవరిదో తెలియని బిళ్ళ ఒకటి మీ వెంట కదులుతోంది అని. కుర్రాడికి సంబంధాలు చూస్తున్నారు. ఆడపెళ్ళివారు నిఘా పెట్టారేమోనని కారు పక్కకి ఆపి, డిక్కీ, సీట్ల కింద, అంతా వెతికాడట. వెనక సీటు మీద, వాళ్ళమ్మగారి శాలువాలో, దొర ఒళ్ళు విరుచుకుంటూ లేచిందట. దొర నిజంగా ఊరు దాటింది ఆ ఒక్కసారే. ఆ సమయంలో డల్లాస్ నిద్రపోతోంది. నేను వరండాలో పేపరు చదువుతున్నాను. బిళ్ళ ఆ కబురు నాకు తప్ప చెప్పాల్సినవాళ్ళందరికీ చెప్పింది. మధ్యాహ్నం భోజనాల వేళకి దొర ఇంట్లోనే ఉంది కాబట్టి తప్పిపోయినట్టు లెక్క కాదు.

విచారణకి నేనే స్వయంగా పక్కింటికి వెళ్ళాను.

"తాసీల్దారుగారూ, మా పిల్లి మీ కారులో..."

"మీ పిల్లేమిటండీ? అది మా రాజా కదా!"

రోజూ పదకొండు నించి వాళ్ళ ఏసీ గదిలో ఉంటుందట. మీగడ పెడతారట. మెడలో పట్టీ చూసి, వీధిలో ఆడుకునే పిల్లలెవరో కట్టారనుకున్నారట. ఒకే కాలానికి రెండు హెడ్‌క్వార్టర్స్‌లో, రెండు పేర్లతో డి.ఏ. డ్రా చేసిన కేసు నా సర్వీసు మొత్తంలో తగల్లేదు. తగిలాక చూస్తే అది మా ఇంట్లోనే ఉంది. ఇందులో దొరదొక్కదానిదే తప్పని కూడా అనలేం. 2013లో బీబీసీవాళ్ళు ఇంగ్లండులో షామ్లీ గ్రీన్ అనే పల్లెలో 50 పిల్లులకి జీపీఎస్ పట్టీలు కట్టి చూశారు. కొన్నిటికి కెమెరాలు కూడా తగిలించారు. ఒకరింటి పిల్లి ఇంకొకరింట్లో దూరి తిండి తినడం అక్కడా బయటపడింది. ఆ తర్వాత ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాల్లో 900కి పైగా పిల్లుల తిరుగుళ్ళని లెక్కగట్టి 2020లో ప్రచురించారు. ఎక్కువ పిల్లులు ఇంటికి 100 మీటర్ల లోపే తిరుగుతాయని తేలింది. నేను నిచ్చెన వేయించిన సన్‌షేడు ఆ 100 మీటర్ల లోపలే ఉంది. కాజాల కొట్టు లేదు. అది నా పరిధి.

మిగిలిన ఖాళీలు చేపలామె పూరించింది. జగన్నాథపురం వైపునించి రోజూ తట్ట నెత్తిన పెట్టుకొస్తుంది. మా ఆవిడ నెత్తళ్ళు బేరమాడుతుంటే, నేను ఊరికే దొర మాట ఎత్తాను.

"మీ దొరాండీ? ఎనిమిదింటికి టైలరు మెట్ల మీద ఎండ కాగుద్దండి. తొమ్మిదింటికి ఇస్త్రీబండి కింద బొగ్గుల సంచి మీద పడుకుంటదండి. పదింటికి నా వెనకాలే నాలుగిళ్ళు తిరుగుద్దండి. ఓ నెత్తల్ని పడేత్తే అప్పుడెళ్ళి ఆ బాబుగారింట్లో ఏసీలో పడుకుంటదండి. ఆదోరం మాత్రం రాదండి, ఆ రోజు మాంసం కొట్టుకాడుంటది."

వేళలతో సహా. ఆదివారం మినహాయింపుతో సహా. ఇంత నిఖార్సయిన టూరు డైరీ నేను గెజిటెడ్ ఆఫీసర్ల దగ్గర కూడా చూడలేదు. లోపలికి పరిగెత్తి కాగితం తెచ్చి రాసుకున్నాను. మా ఆవిడ ఆశ్చర్యపోతుందని చూశాను. ఆవిడ నెత్తళ్ళు లెక్కపెట్టుకుంటోంది.

"నీకు ముందే తెలుసా?"

"ఏడాదినించీ తెలుసు."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు నన్ను ఎప్పుడు అడిగారు? ఉపగ్రహాన్ని అడిగారు."

ఇప్పుడు మా ఇంట్లో అమల్లో ఉన్న ఏర్పాటు చెబుతాను. మీలో ఎవరైనా ఇలాంటి కొనుగోలుకి టెండరు పిలిచే ఆలోచనలో ఉంటే పనికొస్తుంది. గేటు తెరిస్తే చాలు వీధి చివరకి దూసుకుపోయే కుక్క ఉన్నవాళ్ళు, దీపావళి టపాకాయలకి బెదిరి పారిపోయే కుక్క ఉన్నవాళ్ళు, సిమ్ ఉన్న జీపీఎస్ పట్టీ కొనుక్కోండి. రీచార్జి దండగ అనుకోవద్దు, రెండుమూడు రోజులకోసారి చార్జింగు పెట్టడం మరిచిపోవద్దు. పండగ ముందురోజు తప్పకుండా పెట్టండి. తాళంచెవుల బిళ్ళ తాళంచెవులకే కట్టండి. కుక్కలు ఆ బిళ్ళల్ని కొరికి మింగిన సంఘటనలు జరిగాయి. లోపలి గుండీ బ్యాటరీ కడుపులో పడితే ప్రాణం మీదకి వస్తుంది. ఇంటి చుట్టూ తిరిగే పిల్లికి చిప్, లాగితే ఊడిపోయే బకిల్ ఉన్న తేలికపాటి గుడ్డ పట్టీ, దాని మీద చెరగని సిరాతో ఫోను నంబరు, ఇవి చాలు. మీరు ఫోను నంబరు మార్చినప్పుడు చిప్ నమోదులో కూడా మార్పించండి. లేకపోతే ఆ 15 అంకెలు ఎవరి ఫోనూ మోగించవు.

పట్టీ మీద రాసే నంబరు మాత్రం ఇంట్లో ఫోను ఎత్తేవాళ్ళదై ఉండాలి. మా దొర పట్టీ మీద ఉన్నది మా ఆవిడ నంబరు.